చైనాలో చింగ్ పాలనలో ప్రభుత్వోద్యోగ పరీక్ష నెగ్గినవాళ్లకు కూడా ఉద్యోగం వెంటనే ఎందుకు వచ్చేది కాదు?

ఖాళీల కంటే అర్హులు చాలా ఎక్కువ కాబట్టి. చింగ్ వంశం (1644–1912) కాలంలో పరీక్ష నెగ్గితే వచ్చేది అర్హతే, పదవి కాదు. బీజింగ్‌లోని నియామకాల మంత్రిత్వ శాఖ జాబితాలోకి పేరెక్కాలి. ఖాళీ వచ్చినప్పుడు చీటీలు తీసి ఎవరు ఏ జిల్లాకో తేల్చేవారు. సొంత ప్రావిన్స్‌లో మాత్రం వేసేవారు కాదు.

అసలు చిక్కు అమ్మకాలతో ముదిరింది. తైపింగ్ తిరుగుబాటు అనే పెద్ద అంతర్యుద్ధాన్ని (1851–64) అణచడానికి డబ్బు చాలక ప్రభుత్వం హోదాలను విరివిగా అమ్మింది. దాంతో 'హౌబు' అనే నిరీక్షణ అధికారులు ప్రావిన్స్ రాజధానుల్లో గుంపులుగా పోగయ్యారు. గవర్నర్ దయతలిస్తే సుంకం వసూలు లాంటి తాత్కాలిక పని దొరికేది, లేకపోతే అదీ లేదు. పరాయి ఊళ్లో ఏళ్ల తరబడి పిలుపు కోసం ఎదురుచూసిన ఆ మనుషుల్ని తలచుకుంటే నాకు నిజంగా జాలేస్తుంది.