టిరియన్ మరుగుజ్జు కాకపోయినా ఆ పాత్ర అలాగే ఉండేదా?

ఉండేది కాదు. గేమ్ ఆఫ్ థ్రోన్స్ అనే డ్రాగన్ల టీవీ సిరీస్‌లో కన్నతండ్రి అసహ్యం, జనం వెక్కిరింపు, వీటిని కాచుకోవడానికే టిరియన్ మాటకు అంత పదును వచ్చింది, అయినా ఆ పాత్ర అంతా ఆ పొట్టితనమే కాదు, చదువు పిచ్చి, తాగుడు, ప్రేమ కోసం తపన అన్నీ ఉన్నాయి. నటించిన పీటర్ డింక్లేజ్‌కి ఎముకలు పొడవు పెరగని ఎకాండ్రోప్లేసియా నిజంగానే ఉంది, ఈ పాత్రకే 4 ఎమ్మీ టీవీ అవార్డులు గెలిచాడు.

అదే సిరీస్‌లో బ్రాన్ అనే కుర్రాడి సంగతి వేరు. కాళ్లు పడిపోయాక దివ్యదృష్టి వస్తుంది, ఏదో పరిహారం ఇచ్చినట్టు. అది నాకు నచ్చలేదు. కావలిలో మూడు చక్రాల బండి మీద తిరిగే మా చిన్నాయనకి ఏ మహిమా లేదు, లెక్కల్లో గట్టోడు, కోపం ఎక్కువ, పిల్లలంటే ప్రాణం. అలాంటి మనిషిని డ్రాగన్ల కథలో ఒక్కసారైనా చూడాలని నా ఆశ.