పెన్నుతో గీసే ట్యాబ్లెట్ ఎలా ఎంచుకోవాలి?

ప్రశ్న: కాగితంపై బొమ్మలు బాగా వేసే మా అమ్మాయి డిజిటల్ చిత్రకళ నేర్చుకుంటానంటోంది. ఎలాంటి ట్యాబ్లెట్ కొనాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ముందు చూడవలసింది తెరను కాదు, పెన్నును. రబ్బరు మొన ఉన్న చవక స్టైలస్ వేలికి బదులు మాత్రమే; ఎంత నొక్కినా గీత మందం మారదు. ఐప్యాడ్‌కు వాడే ఆపిల్ పెన్సిళ్లలోనూ యూఎస్‌బీ-సీ రకానికి ఒత్తిడిని గుర్తించే గుణం లేదు కనుక, ఐప్యాడ్ తీసుకునేటట్లయితే ఆ గుణం ఉండి, ఆ మోడల్‌కు సరిపడే పెన్సిల్ ఏదో అడిగి, దాని ధరను కూడా కలిపి లెక్క వేసుకోండి. బొమ్మలు వేసే ప్రొక్రియేట్ యాప్ ఐప్యాడ్‌లోనే దొరుకుతుంది. అది కావాలంటే వేరే దారి లేదు.

ఖర్చు తగ్గాలంటే సామ్‌సంగ్ గెలాక్సీ ట్యాబ్ ఎస్6 లైట్ వంటిది నయమని నా అభిప్రాయం. 4,096 స్థాయుల ఒత్తిడిని గుర్తించే ‘ఎస్ పెన్’ అనే పెన్ను ట్యాబ్లెట్ పెట్టెలోనే వస్తుంది, దానికి చార్జింగ్ అక్కరలేదు. (8,192 స్థాయులన్న ప్రకటనలకు మురిసిపోనక్కరలేదు, ఆ తేడా చేతికి తెలియదు.) బొమ్మలు వేసేందుకు క్రిటా యాప్ ఉచితం.

దుకాణంలో అమ్మాయి చేతనే గీయించండి. స్కేలు ఆనించి ఏటవాలు గీతను చాలా నెమ్మదిగా లాగినప్పుడు అది అలలా వణికితే, ఆ ట్యాబ్లెట్‌ను పక్కన పెట్టేయండి.