కొత్త ఏరియాకి మారాను. చుట్టుపక్కల మంచి షాపులు, ఫిట్‌నెస్ క్లాసులు కనుక్కోవడానికి ఏ యాప్ వాడాలి?

ఏ యాప్ అని అడిగారు కాబట్టి ముందు దానికే జవాబు చెప్పేస్తాను. ఏదైనా ఒకటే. నేను మూడు వాడాను. మూడూ నన్ను తీసుకెళ్లి ఒకే మూసేసిన షట్టర్ ముందు నిలబెట్టాయి.

మేము ఈ ఏరియాకి వచ్చి రెండేళ్లు దాటింది. మొదటి నాలుగు నెలలు నాకు తెలిసిన దారి ఒక్కటే, ఇంటి నుంచి బస్టాపుకి. కావలసినవన్నీ ఫోనులో నొక్కితే గుమ్మం దగ్గరికి వచ్చేవి, ఇక వీధిలోకి పనేముంది? మా ఆయనకైతే వీధి చివర ఏముందో ఇప్పటికీ సరిగ్గా తెలీదు. రోజూ డాబా మీద గుండ్రంగా తిరిగి పదివేల అడుగులు పూర్తి చేస్తారు. ఆ పదివేలు ఎక్కడి లెక్కో తెలుసా? 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరు ఒకటి తయారుచేసి, దానికి 'మాన్‌పో-కెయ్' అని పేరు పెట్టి అమ్మింది. పదివేల అడుగుల మీటరు అని అర్థం. సరుకు అమ్ముకోవడానికి పెట్టిన పేరే తప్ప డాక్టరు రాసిన చీటీ కాదు. ఈ సంగతి ఆయనకి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. విని ఇంకో రౌండుకి వెళ్లారు.

అసలు సంగతికి వస్తాను. ఈ ఇంట్లో దిగిన మొదటి వారం నుంచీ సాయంత్రం ఆరయ్యేసరికి వెనక బిల్డింగు వైపు నుంచి దబ్, దబ్, దబ్ అని ఒకటే మోత. ముప్పావు గంట పాటు. షెల్ఫులో గాజుసామాను సన్నగా వణికేది. ఎవరో గోడ పగలగొట్టిస్తున్నారనుకున్నాను. నెల దాటినా గోడ పగలకపోయేసరికి, సామాను అటూ ఇటూ జరిపే పిచ్చి ఎవరికో ఉందనుకున్నాను. వాచ్‌మన్‌కి రెండుసార్లు ఫిర్యాదు చేశాను. మూడోసారి వెళ్తే నా మొహంలోకి జాలిగా చూసి, "మీకు బీపీ ఏమన్నా ఉందా అమ్మా?" అన్నాడు.

బీపీ లేదు కానీ మోకాళ్లు మొదలయ్యాయి. మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకోవడం ఎప్పుడు అలవాటైందో నాకే తెలీదు. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త ఆయాసం వచ్చేలా వ్యాయామం చేయాలనీ, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకి బలమిచ్చే కసరత్తులు కూడా ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నా వారాన్ని నిజాయితీగా లెక్కేసుకున్నాను. బస్సు వెనక పరిగెత్తింది కూడా కలిపితే ముప్పై అయిదు నిమిషాలు తేలాయి. అలా ఒక శనివారం సాయంత్రం ఫోను తీసి 'దగ్గర్లో ఫిట్‌నెస్ క్లాసులు' అని కొట్టాను.

అన్నిటికంటే పైన వచ్చిన దానికి 4.8 నక్షత్రాలు. ఫొటోల్లో నిలువెత్తు అద్దాలు, నీలం లైట్లు, నవ్వుతూ చెమటలు పట్టిన పాతికేళ్ల పిల్లలు. ఏడు నిమిషాల నడక అంది మ్యాపు. ఆ దారిలో మధ్యలో ఎవరో గోడ కట్టేశారన్న సంగతి దానికి తెలీదు. చుట్టూ తిరిగి పాతిక నిమిషాలకి చేరాను. షట్టర్ దించి ఉంది. దాని మీద 'అద్దెకు ఇవ్వబడును' అన్న కాగితం. అది కూడా ఎండకి వెలిసిపోయింది.

అక్కడే మెట్టు మీద కూర్చుని, చేయాల్సిన పని అప్పుడు చేశాను. రివ్యూల వరసని 'కొత్తవి ముందు' అని మార్చాను. మొట్టమొదటిది మూడు నెలల కిందటిది, ఒకటే నక్షత్రం. 'మూసేశారు. ఏడాదికి కట్టిన డబ్బు తిరిగి ఇవ్వలేదు, ఫోను ఎత్తడం లేదు.' దాని కింద ఇలాంటివే ఇంకో నాలుగు. వాటి కింద ఎప్పుడో పెట్టిన పొగడ్తలు గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. ఆ పొగడ్తల బలంతోనే 4.8 ఇంకా నిలబడి ఉంది. కాబట్టి యాప్ వాడేట్టయితే ఇంటి దగ్గరే ఆ వరస మార్చుకుని చదవండి. 'శాశ్వతంగా మూసివేశారు' అని మ్యాపుకి మనమే చెప్పొచ్చు కూడా. ఆ మెట్టు మీద కూర్చునే చెప్పాను. అంతమంది వచ్చి తిట్టుకుంటూ వెళ్లారు కదా, ఒక్కరికీ తోచలేదా అని నా బాధ.

తిరిగి వస్తుంటే బ్యాగు జిప్పు నోరు తెరిచింది. తాళాలు, కళ్లజోడు పెట్టె, గొడుగు, అన్నీ రోడ్డు మీద. ఏరిపెట్టిన అమ్మాయి, "ఈ సందులోకి వెళ్లండి ఆంటీ, మెట్ల కింద జిప్పులు బాగుచేసే ఆయన ఉంటారు" అని చూపించింది. ఆంటీ అన్నందుకు నొచ్చుకున్నాను గానీ వెళ్లాను.

దాన్ని షాపు అనడానికి కూడా లేదు. నిటారుగా నిలబడితే తల మెట్లకి కొట్టుకుంటుంది. ఒక కుట్టుమిషను, డబ్బాల నిండా జిప్పుని లాగే రన్నర్లు, పైన దండెం మీద బాగుకి వచ్చిన బ్యాగులు. బోర్డు లేదు. ఏ మ్యాపులోనూ లేదు. అదయ్యాక ఇంటికొచ్చి వెతికి మరీ చూశాను. ఆయన జిప్పుని రెండుసార్లు లాగి చూసి, "జిప్పుకేం కాలేదమ్మా, రన్నర్ అరిగింది" అన్నారు. రన్నర్ అరిగి వదులైతే పళ్లని దగ్గరికి నొక్కలేదట, అందుకే అది ముందుకు పోయినా వెనక జిప్పు విచ్చుకుంటుంది. పట్టకారుతో నొక్కితే కొన్నాళ్లు నడుస్తుంది, మార్చేస్తే పీడా వదులుతుంది అన్నారు. జిప్పు పోయిందని అంతకుముందు నేను రెండు బ్యాగులు పారేశాను. రెండింటికీ రన్నరే పోయి ఉంటుందని ఇప్పుడు అనుమానం.

ఆయన కొత్త రన్నర్ ఎక్కిస్తుండగా నెత్తి మీద దబ్ మంది.

మళ్లీ దబ్. మిషను మీద సున్నం పొడి రాలింది. ఆయన తలెత్తకుండానే చేత్తో తుడిచేశారు. నేను మాత్రం సందులోకి వచ్చి పైకి చూశాను. మా వంటింటి కిటికీ కనిపించింది! పాతిక నిమిషాలు చుట్టూ తిరిగి నేను మా ఇంటి వెనకే తేలాను. నాలుగు నెలలుగా నేను తిట్టుకుంటున్న మోత ఇదే.

"పైన ఆడవాళ్ల ఎక్సర్‌సైజు క్లాసమ్మా. మొదట్లో నాకూ తలనొప్పి వచ్చేది. ఇప్పుడు ఆదివారం ఆ చప్పుడు లేకపోతే టైమెంతయిందో తెలీదు" అన్నారాయన.

"బాగా చెప్తారా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించారు. "ఎలా చెప్తారో నాకేం తెలుసు? కానీ వచ్చినవాళ్లు మానరు. ఒకావిడ ఇదే క్లాసుకి తెచ్చుకునే బ్యాగుకి మూడుసార్లు రన్నర్ మార్చాను. మోకాళ్లుంటే మాత్రం ముందే చెప్పండి, టీచరమ్మ గెంతనివ్వరు." నా మోకాళ్ల సంగతి నేను చెప్పలేదు. సందులోకి ఉన్న రెండు మెట్లు నేను దిగిన తీరు చూశారంతే.

ఏ యాప్ చెప్తుంది చెప్పండి ఈ మాట? ఒక బ్యాగుకి మూడు రన్నర్లు అరిగాయంటే ఎన్నేళ్లు వచ్చి ఉంటుందో లెక్కేసుకోండి. నా దృష్టిలో అది వెయ్యి నక్షత్రాలతో సమానం.

పైకి వెళ్లాను. ఒక హాలు, రెండు కిటికీలు, అద్దం అన్నది లేదు. పదహారు మంది ఆడవాళ్లు, అన్ని వయసులవాళ్లూ ఉన్నారు. రిటైరైన గేమ్స్ టీచరు, మెడలో విజిలు. డబ్బు మాట ఎత్తలేదు. ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా, ఏ మందులు వాడుతున్నావు, నొప్పి ఎక్కేటప్పుడా దిగేటప్పుడా అని అడిగారు. కుర్చీ వేసి, చేతులు కట్టుకుని పదిసార్లు లేచి కూర్చోమన్నారు. ఎనిమిదోసారికి నా చేయి దానంతటదే కుర్చీ పట్టుకుంది. "సోమవారం నుంచి రా. గెంతులు మూడు నెలల తర్వాత" అన్నారు. నలభై ఆరేళ్ల నన్ను అలా 'రా' అని పిలిచి ఎంత కాలమైందో!

మొదటి క్లాసు అయిన రాత్రి బ్రహ్మాండంగా ఉంది. రెండో రోజు పొద్దున మంచం దిగలేకపోయాను. అలవాటు లేని కసరత్తుకి కండరాల నొప్పి వెంటనే రాదు, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదురుతుంది. అందుకే ట్రయల్ క్లాసు అయిన వెంటనే చెమట తుడుచుకుంటూ డబ్బు కట్టేయకండి, మూడు రోజులాగండి. కండ నొప్పి అయితే తగ్గిపోతుంది. కీలు నొప్పి పెడితే, వాపు వస్తే మాత్రం ఆ క్లాసు మీకు పనికిరాదు, లేదా ఆ టీచరు మిమ్మల్ని చూడటం లేదు.

ఏడాది ప్యాకేజీల గురించి మాట్లాడకపోతే నాకు నిద్ర పట్టదు. ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు అమెరికాలో మూడు జిమ్ముల హాజరు లెక్కలు తీసి 2006లో ఒక పరిశోధన ప్రచురించారు. నెలవారీ సభ్యత్వం తీసుకున్నవాళ్లు నెలకి సగటున వచ్చింది 4.3 సార్లు. పదిసార్లు రావడానికి పనికొచ్చే పాసు కొనుక్కుని వచ్చినప్పుడల్లా వాడుకుని ఉంటే వాళ్లకి చాలా తక్కువ అయ్యేది. డబ్బు కట్టేస్తే మనల్ని మనమే తరుముకుంటామని అనుకుంటాం, అది అబద్ధం. డబ్బు కట్టాక 'కట్టేశాం కదా' అన్న తృప్తి వస్తుంది, ఆ తృప్తితో పడుకుంటాం. 'ఈరోజే కడితే డిస్కౌంటు మేడమ్' అన్న చోటు నుంచి వెంటనే బయటికి వచ్చేయండి. ట్రయల్‌కని నంబరు ఇచ్చిన పాపానికి ఇప్పటికీ ఒక జిమ్ము నుంచి నాకు ఫోన్లు వస్తున్నాయి. ప్రతిసారీ వేరే కుర్రాడు, అదే డిస్కౌంటు.

నా సిద్ధాంతం ఒకటుంది, ఎవరు కాదన్నా మార్చుకోను. మంచి క్లాసులు మొదటి అంతస్తులోనే ఉంటాయి, లిఫ్టు లేని చోట. రోడ్డు మీదకి గాజుతలుపు పెట్టినవాడికి అద్దె ఎక్కువ, ఆ అద్దె అద్దాల్లోంచీ మనలోంచీ రాబట్టాలి. మెట్లెక్కే ఓపిక లేనివాడు మెట్ల దగ్గరే ఆగిపోతాడు కాబట్టి పైకి చేరినవాళ్లు నిలబడతారు. (మోకాళ్లు నిజంగా దెబ్బతిన్నవాళ్ల సంగతేమిటని మా ఆయన అడిగారు. ఆయన డాబా ఎక్కుతున్నారు కదా అన్నాను.)

సంగీతం కూడా అంత ముఖ్యం కాదు. ఒకరోజు స్పీకరు చచ్చిపోతే టీచరమ్మ చప్పట్లతోనే నడిపించారు, నాకు గుర్తున్న మంచి క్లాసుల్లో అదొకటి. జుంబా అనే డాన్సు కసరత్తు పుట్టుక కథ కూడా అలాంటిదే. కొలంబియాలోని కాలీ నగరంలో ఏరోబిక్స్ నేర్పే బెటో పెరెజ్ ఒకరోజు మామూలు క్యాసెట్ మర్చిపోయి, తన దగ్గరున్న సల్సా, మెరెంగే అనే లాటిన్ డాన్సు పాటలు పెట్టి గెంతించాడట. ఇవాళ అదే చెవులు చిల్లులు పడేలా పెట్టి, ఏ కాలు ముందో చెప్పకుండా ఎదురుగా డాన్సు చేసుకునే ట్రైనర్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

షాపుల గురించి అడిగారు కదూ. అవన్నీ నాకు క్లాసు అయ్యాక ఇంటికొచ్చే దారిలోనే దొరికాయి. పదహారు మందివి పదహారు దారులు. రోజుకొకరితో నడిచాను. ఒకావిడ దారిలో పాత పుస్తకాల కొట్టు తగిలింది. ఇంకొకావిడ దారిలో, రెడీమేడ్ బట్టని విప్పి మన కొలతకి మళ్లీ కుట్టే దర్జీ. పోయిన తాళంచెవికి తాళాన్ని చూసి చెవి చేసే ఆయన ఫొటో స్టూడియో పక్కన కూర్చుంటాడు, మధ్యాహ్నం దాటితే ఉండడు. కొత్తగా తెరిచిన షాపులు మాత్రం వీధికి నాలుగున్నాయి, వాటి పేర్లు చూస్తే లోపల సెలూనో సాఫ్ట్‌వేర్ కంపెనీయో అర్థం కాదు. బోర్డు మీద ఏం అమ్ముతారో రాస్తే నామోషీయా?

కాబట్టి ఇవాళ ఇంట్లో పాడైన వస్తువు ఒకటి తీసుకుని కాలినడకన బయలుదేరండి. బాగుచేసేవాళ్లని అడగండి, అమ్మేవాళ్లని కాదు. బాగుచేసేవాడు ఒకేచోట ఏళ్ల తరబడి కూర్చుని వచ్చేపోయే కాళ్లని చూస్తుంటాడు. యాప్‌ని తెరిచే వేళలు చూసుకోవడానికి వాడుకోండి, అది కూడా ఒకసారి ఫోను చేసి అడిగాకే బయలుదేరండి.

మా క్లాసుని మ్యాపులో పెడతానని టీచరమ్మని అడిగాను. హాల్లో పద్ధెనిమిది మందికి మించి చేతులు చాచలేరు, వద్దన్నారు. అప్పటికి పదిహేడో మనిషిని నేను.

పోయిన వారం మా కింద పోర్షన్‌లోకి కొత్తగా ఒకావిడ దిగారు. సాయంత్రాలు వెనకవైపు నుంచి దబదబ మోత ఏమిటని వాచ్‌మన్‌ని అడిగారట. అతను నేరుగా మా ఇంటికి తీసుకొచ్చి, "ఈవిడేనమ్మా" అని చూపించాడు. ఇంకొక్కరికి చోటుంది కాబట్టి, సోమవారం అయిదుంపావుకి చెప్పులేసుకుని కింద నిలబడమన్నాను. వాళ్ల గొడుగు కర్ర విరిగిందట, అది కూడా తెమ్మన్నాను.