టెక్ సందేహాలు: 15 నిమిషాల గది, 3 గంటల కాటా చీటీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఒకే సమస్య చుట్టూ తిరిగాయి. కాసేపు మాత్రమే అవసరమయ్యే సమాచారాన్ని, ఏళ్ళ తరబడి ఉండాల్సిన లెక్కల పక్కన ఎలా పెట్టుకోవాలి? ఫోన్ల ప్రశ్నలు వచ్చే వారానికి ఆపి, ఈ నాలుగింటికే చోటిస్తున్నాను. రెండింటిలో మనుషులు నిజంగా నష్టపోయారు కాబట్టి వాటి గురించి కొంచెం ఎక్కువ రాయక తప్పలేదు.

ప్రశ్న: తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర మాకు 42 గదుల లాడ్జి ఉంది. ఆన్‌లైన్‌లో గది ఎంచుకున్నవాళ్ళు డబ్బు కట్టేదాకా ఆ గదిని 15 నిమిషాలు ఆపి ఉంచాలి. మా సాఫ్ట్‌వేర్ అబ్బాయి బుకింగ్ టేబుల్లోనే ‘పెండింగ్’ అని ఒక వరుస రాసి, డబ్బు రాకపోతే ఒక ప్రోగ్రాంతో చెరిపిస్తున్నాడు. బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవకు ముందు రోజు ఆ ప్రోగ్రాం ఆగిపోయింది. గదులు ఖాళీగా ఉన్నా సిస్టంలో ‘ఫుల్’ అనే చూపించింది. పిల్లలతో వచ్చినవాళ్ళను కూడా కౌంటర్ దగ్గర నుంచే తిప్పి పంపేశాం. మా డేటాబేస్ మైసీక్వెల్, అందులో టెంపరరీ టేబుల్ అని ఉందట కదా, దానికి మారమంటారా?
– ఒక లాడ్జి యజమాని, తిరుపతి

జవాబు: వద్దండి. పేరులో టెంపరరీ అని ఉన్నా అది మీ పనికి పుట్టింది కాదు. మైసీక్వెల్‌లో టెంపరరీ టేబుల్ దాన్ని తయారుచేసిన కనెక్షన్‌కు, అంటే ప్రోగ్రాంకూ డేటాబేస్‌కూ మధ్య తెరిచిన ఆ ఒక్క లైనుకు, మాత్రమే కనబడుతుంది. ఆ కనెక్షన్ మూసుకోగానే టేబుల్ కూడా పోతుంది. మీకు కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. చెన్నైలో ఒకరు 204 నంబరు గదిని పట్టుకుంటే ఆ సంగతి హైదరాబాద్‌లో అదే గది చూస్తున్నవారికీ తెలియాలి, మీ కౌంటర్లో కూర్చున్న కుర్రాడికీ తెలియాలి. నలుగురికీ తెలియాల్సిన మాట ఒకరి జేబులో ఉంటే ఏం లాభం?

చెరిపే ప్రోగ్రాం ఆగిపోయిందని ఆ అబ్బాయిని కోప్పడకండి. అలాంటి ప్రోగ్రాం ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. సర్వర్ రీస్టార్ట్ అయినప్పుడు మళ్ళీ మొదలు కాకపోవచ్చు, ఎవరో పాస్‌వర్డ్ మార్చి ఉండవచ్చు. వరుసను చెరిపితేనే గది ఖాళీ అయినట్టు లెక్క అన్న ఏర్పాటులోనే చిక్కు ఉంది. గది ఆపి ఉంచేటప్పుడే ‘ఇన్ని గంటల ఇన్ని నిమిషాల వరకు’ అని గడువు కూడా రాసేయాలి. తర్వాత గది ఖాళీయా కాదా అని చూసే ప్రతి ప్రశ్నా ఆ గడువును ఇప్పటి సమయంతో పోల్చుకోవాలి. అప్పుడు ఎవరూ ఏదీ చెరపకపోయినా 16వ నిమిషానికి గది దానంతట అదే ఖాళీ అవుతుంది.

నేనైతే ఇలా కడతాను. ‘గది–రాత్రి’ అని ఒక శాశ్వత టేబుల్. ప్రతి గదికీ, ప్రతి రాత్రికీ ముందే ఒక వరుస. 42 గదులకు ఏడాదికి 15,330 వరుసలు, డేటాబేస్‌కు అదొక లెక్క కాదు. ఒక్కో వరుసలో మూడు గళ్ళు: బుకింగ్ నంబరు, ఎవరి కోసం ఆపాం, ఎప్పటిదాకా ఆపాం. ఎవరైనా గది అడిగితే ఒకే ఒక్క అప్‌డేట్ వాక్యం నడపాలి. బుకింగ్ నంబరు ఖాళీగా ఉండి, ‘ఎప్పటిదాకా’ గడి కూడా ఖాళీగా ఉంటేనో, లేదా అందులోని సమయం దాటిపోయి ఉంటేనో, అక్కడ వీరి పేరు, కొత్త గడువు రాయమని దాని అర్థం. ఎన్ని వరుసలు మారాయో డేటాబేస్ తిరిగి చెబుతుంది. మూడు రాత్రులు అడిగితే మూడు మారాలి. రెండే మారితే మొత్తం రోల్‌బ్యాక్ చేసి, అంటే రాసినదాన్ని వెనక్కి తీసుకుని, ఆ తేదీలకు గది లేదని చెప్పాలి. ముందు ఖాళీ ఉందో లేదో చూసి, ఆ తర్వాత వేరేగా రాసే పద్ధతి పెట్టుకోకండి. చూడడానికీ రాయడానికీ మధ్య ఉండే ఆ క్షణంలోనే ఇద్దరికి ఒకే గది వెళ్ళిపోతుంది. పండగ రద్దీలో ఆ క్షణం తప్పకుండా వస్తుంది.

డబ్బు ఆలస్యంగా వచ్చే సంగతి కూడా ఇందులోనే తేలిపోతుంది. యూపీఐలో డబ్బు 17వ నిమిషంలో అందిందనుకోండి. ఆ వరుసలో ఇంకా వీరి పేరే ఉంటే, అంటే మధ్యలో ఎవరూ ఆ గదిని పట్టుకోకపోతే, నిక్షేపంగా బుకింగ్ ఇచ్చేయండి. పేరు మారి ఉంటే వేరే గది చూపించాలి, లేదా డబ్బు తిప్పి పంపాలి. పేమెంట్ పేజీ గడువును 10 నిమిషాలకు కుదిస్తే ఈ తలనొప్పి చాలావరకు తగ్గుతుంది. ఇంకొక మాట. ఇప్పటి సమయాన్ని డేటాబేస్ సర్వర్ నుంచే తీసుకోండి. కౌంటర్ కంప్యూటర్ గడియారం ఐదు నిమిషాలు ముందుంటే మీ 15 నిమిషాలు 10 అయిపోతాయి.

డబ్బు కట్టకుండా వెళ్ళిపోయినవారి పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం ఈ టేబుల్లో పెట్టకండి. అవి వేరే టేబుల్లో ఉండాలి, వాటికీ ఒక గడువు ఉండాలి. చెప్పిన వేళకు పని నడిపించే ఈవెంట్ షెడ్యూలర్ మైసీక్వెల్‌లోనే ఉంది, 8.0 నుంచి అది మొదటి నుంచే ఆన్ అయి ఉంటుంది. గడువు దాటిన వివరాలను రోజూ తెల్లవారుజామున దానితో తుడిపించండి. ఒకరోజు అది నడవకపోయినా గదుల లెక్క చెడదు. అయినా తుడవడం మానకండి. పని తీరాక మనిషి వివరాలు ఉంచుకోకూడదన్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోనూ ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మీ దగ్గర గది తీసుకోని మనిషి నంబరు మీకెందుకు?

ప్రశ్న: చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా చూసుకుంటాను. తోతాపురి సీజన్‌లో ట్రాక్టర్లు బారులు తీరతాయి. లోడుతో ఒకసారి తూకం వేస్తాం. కాయ దించడానికి రెండు మూడు గంటలు పడుతుంది. ఖాళీ బండిని మళ్ళీ తూచి, తేడా చూసి చీటీ ఇస్తాం. మొదటి తూకం ‘తాత్కాలికమే కదా, స్పీడుగా ఉంటుంది’ అని సాఫ్ట్‌వేర్ వాళ్ళు మెమరీ టేబుల్లో పెట్టారు. మొన్న కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. తిరిగి చూస్తే టేబుల్ ఉంది, అందులో ఒక్క వరుస లేదు. 11 బండ్ల రైతులతో గొడవైంది. ఏం మార్చాలి?
– చిత్తూరు జిల్లా నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఈ ఉత్తరం చదివి నిజంగా బాధపడ్డాను. వరుసలను డిస్క్‌లో కాకుండా మెమరీలో ఉంచే మైసీక్వెల్ మెమరీ టేబుల్ గుణమే అది. సర్వర్ ఆగి మళ్ళీ లేస్తే టేబుల్ నిర్మాణం మిగులుతుంది, వరుసలన్నీ పోతాయి. అది లోపం కాదు, ఆ రకం టేబుల్‌ను అలాగే తయారుచేశారు. మీ మొదటి తూకాన్ని దానికి అప్పగించడమే పొరపాటు.

మూడు గంటలే అవసరం కాబట్టి తాత్కాలికం అనుకున్నారు. ఎంతసేపు అవసరం అన్నది ఒక ప్రశ్న. పోతే మళ్ళీ తెచ్చుకోగలమా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే ఇంత జరిగింది. కాయ దించి, వేరే కాయతో కలిపి, కడగడానికి పంపేశాక లోడు బరువును మళ్ళీ తూచేదెలా? ఏడాదంతా తోటను సాకిన రైతు డబ్బులో సగం లెక్క ఆ ఒక్క అంకెలో ఉంది. అలాంటి అంకె మూడు గంటలు బతికినా, మూడు నిమిషాలు బతికినా దాన్ని మామూలు శాశ్వత టేబుల్లోనే రాయాలి.

ఇన్నోడీబీ రకం టేబుల్ ఒకటి తీసుకోండి, మైసీక్వెల్‌లో మామూలు శాశ్వత టేబుల్ అంటే అదే. బండి నంబరు, రైతు, లోడు బరువు, లోడు తూచిన సమయం, ఖాళీ బరువు, ఖాళీ తూచిన సమయం. చివరి రెండూ మొదట ఖాళీగా ఉంటాయి. అవి ఖాళీగా ఉన్నంతకాలం ఆ బండి ఇంకా లోపలే ఉన్నట్టు. వేరే టేబుల్ ఏదీ అక్కర్లేదు, ఒక చోట నుంచి ఇంకో చోటికి మార్చే పనీ ఉండదు. ‘ఇన్నోడీబీ ఫ్లష్ లాగ్ ఎట్ ట్రాన్సాక్షన్ కమిట్’ అనే సెట్టింగ్ 1 గానే ఉందో లేదో చూడమనండి. మొదటి నుంచీ ఉండే విలువ అదే. కానీ స్పీడు కోసమని కొందరు దాన్ని 0 గానో 2 గానో మారుస్తారు. అలా మారిస్తే కరెంటు పోయినప్పుడు చివరి ఒక సెకను పాటు రాసినవి పోవచ్చు. మీ కాటా మీదికి నిమిషానికి ఒక బండి ఎక్కడమే గొప్ప. ఇక స్పీడు పెంచి ఏం చేసుకుంటారు?

12 గంటలు దాటినా రెండో తూకం పడని బండ్లను సిస్టం తనంతట తాను చెరపకూడదు. ఎర్ర రంగులో తెర మీద చూపించాలి, మనిషి వెళ్ళి కనుక్కోవాలి. లోడు తూచగానే ఆ బరువుతో ఒక చిన్న చీటీ ప్రింటు తీసి రైతు చేతికి ఇవ్వండి. ఆ 11 బండ్లకు అలాంటి చీటీ ఉండి ఉంటే గొడవే ఉండేది కాదు.

ప్రశ్న: తిరుపతిలో ఎంసీఏ చదువుతున్నాను. ప్రాజెక్టులో రిపోర్టు లెక్కల కోసం పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో టెంపరరీ టేబుల్ వాడాను. ఒకసారి ‘ఆ టేబుల్ లేదు’ అంటుంది, ఇంకోసారి ‘ముందే ఉంది’ అంటుంది. వైవా దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని

జవాబు: టెన్షన్ వద్దమ్మా. టెంపరరీ టేబుల్ సరిగ్గా పనికొచ్చేది నీ లాంటి అవసరానికే. ఒకే పని, ఒకరికే కావాలి, పోతే మళ్ళీ లెక్కించుకోవచ్చు. నువ్వు కనెక్షన్ పూల్, అంటే ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు, వాడుతున్నావు అనుకుంటాను. పూల్‌లో కనెక్షన్లు మూసుకోవు, ఒకరి తర్వాత ఒకరి చేతికి మారుతుంటాయి. నీ మొదటి రిక్వెస్ట్ ఒక కనెక్షన్‌లో టేబుల్ చేసింది, రెండోది వేరే కనెక్షన్‌కు వెళ్ళి అక్కడ వెతికింది. అందుకే ‘లేదు’ అంది. మూడోది మొదటి కనెక్షన్‌కే వచ్చి మళ్ళీ తయారుచేయబోతే, ‘ముందే ఉంది’ అంది.

తయారుచేయడం, నింపడం, చదవడం అన్నీ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే అన్నీ కలిసి ఒకే పనిగా పూర్తయ్యేలా, పెట్టు. తయారుచేసేటప్పుడు ‘ఆన్ కమిట్ డ్రాప్’ అని చేర్చు. కమిట్ కాగానే, అంటే ఆ ట్రాన్సాక్షన్ ఖాయమై ముగియగానే, టేబుల్ పోతుంది. వరుసలు వేలల్లో ఉంటే, నింపాక ఒకసారి ‘అనలైజ్’ నడుపు. మామూలుగా ఈ లెక్కలు తీసే ఆటోవ్యాక్యూమ్ టెంపరరీ టేబుళ్ళను చూడలేదు కాబట్టి అందులో ఎన్ని వరుసలున్నాయో, క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే ప్లానర్‌కు సరైన అంచనా ఉండదు. రిపోర్టులో ఆ మధ్య లెక్కను ఒక్కసారే వాడుతున్నావంటే మాత్రం అసలు టేబుల్ వద్దు, ఆ మధ్య లెక్కను క్వెరీలోనే పేరుపెట్టి రాసే ‘విత్’ క్లాజు చాలు. వైవాలో ఈ తేడా చెప్పగలిగితే అడిగినవారు సంతోషిస్తారు.

ప్రశ్న: పలమనేరు వైపు పాల సేకరణ కేంద్రాల నుంచి రోజుకు రెండు పూటలా ఫైళ్ళు వస్తాయి. లీటర్లు, వెన్న శాతం అన్నీ ముందు ఒక ‘స్టేజింగ్’ టేబుల్లోకి ఎక్కించి, సరిచూసి, లెడ్జర్‌లోకి మారుస్తాం. రెండేళ్ళుగా స్టేజింగ్ ఎవరూ ఖాళీ చేయలేదు. ఇప్పుడు డిలీట్ చేశాం, కానీ మైసీక్వెల్ డిస్క్‌లో ఒక్క జీబీ కూడా తగ్గలేదు!
– ఒక డేటా ఆపరేటర్

జవాబు: ఇన్నోడీబీలో డిలీట్ చేస్తే ఆ జాగా ఫైలు లోపలే మిగులుతుంది. తర్వాత వచ్చే వరుసలు అందులో కూర్చుంటాయి, ఫైలు మాత్రం చిన్నదవదు. మీ స్టేజింగ్ టేబుల్లో ఇక ఉంచుకోవాల్సింది ఏమీ లేకపోతే ‘ట్రంకేట్’ వాడండి. అది పాత టేబుల్‌ను తీసేసి కొత్తది పెట్టినట్టే కాబట్టి, టేబుల్‌కు విడి ఫైలు ఉండే మామూలు సెట్టింగ్‌లో జాగా డిస్క్‌కు తిరిగి వచ్చేస్తుంది.

ఒక్క జాగ్రత్త. మైసీక్వెల్‌లో ట్రంకేట్ చేశాక రోల్‌బ్యాక్ లేదు. కాబట్టి ముందు లెడ్జర్‌లోకి మార్చడం ఒక ట్రాన్సాక్షన్‌గా పూర్తికావాలి. ఫైల్లోని మొత్తం లీటర్లు, లెడ్జర్‌లోకి వెళ్ళిన మొత్తం లీటర్లు సరిపోవాలి. ఆ తర్వాతే ట్రంకేట్. కేంద్రాల నుంచి వచ్చిన అసలు ఫైళ్ళను మాత్రం కనీసం ఒక బిల్లు వాయిదా పూర్తయి రైతులకు డబ్బు అందేదాకా అలాగే దాచండి. అవి ఉన్నంతకాలం స్టేజింగ్ టేబుల్ పూర్తిగా పోయినా మళ్ళీ నింపుకోవచ్చు. ఆ ధైర్యంతోనే రాత్రి బ్యాకప్‌లోంచి కూడా దాన్ని తీసేయవచ్చు. బ్యాకప్ తీసే మైసీక్వెల్ డంప్‌లో ‘ఇగ్నోర్ టేబుల్’ అన్న ఆప్షన్‌కు డేటాబేస్ పేరు, చుక్క, ఆ టేబుల్ పేరు కలిపి ఇస్తే చాలు. రెండేళ్ళ స్టేజింగ్‌ను రోజూ మోసిన బ్యాకప్ ఎంత తేలికవుతుందో రేపు ఉదయం ఫైలు సైజు చూడండి.