హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి, పిన్ని రాస్తున్నది

బంగారం,

టెస్ట్ అంటేనే కడుపులో తిప్పుతోంది పిన్నీ, నాకేమైనా అయిందా అని అడిగావు కదా, ఫోన్లో చెప్తే సగం చెప్పినట్టుంటుందని రాస్తున్నా. తీరిగ్గా చదువుకో.

నీకేం కాలేదు. ఇన్నేళ్లు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పినదాన్ని, ఓఎంఆర్ షీట్ ఇస్తుంటే తగిలే చేతులు ఎంత చల్లగా ఉంటాయో నాకు తెలుసు, ఫ్యాన్ కింద కూర్చున్నా చెమటకి పెన్ను జారుతూ ఉంటుంది. ఎండోక్రైన్ చాప్టర్లో కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్లాండ్స్ గురించి రెండు మార్కుల ప్రశ్నకి బట్టీ పట్టావే, అదంతా వాటి పనే. అడ్రినలిన్ వచ్చిందంటే గుండె స్పీడవుతుంది, చర్మానికీ పొట్టకీ వెళ్లే రక్తం తగ్గి కండరాలకి వెళ్తుంది, అందుకే చేతులు చల్లబడటం, కడుపులో తిప్పటం. పులి ఎదురైనా ఇంతే, ఫిజిక్స్ పేపర్ ఎదురైనా ఇంతే, ఒంటికి పెద్ద తేడా తెలీదు పాపం.

అసలు కాస్త టెన్షన్ ఉంటేనే పుస్తకం ముందు కూర్చుంటాం. తంటా ఎక్కడంటే, అది ఎక్కాక దిగకపోవటంలో. ఆదివారం టెస్ట్, సోమవారం ర్యాంకుల లిస్టు, మంగళవారం సెక్షన్ మార్చేస్తారేమోనని భయం, ఈలోపు మళ్లీ ఆదివారం వచ్చేస్తుంది, ట్యాంకు నిండినా మోటర్ ఆపకుండా వదిలేస్తే ఎట్లా ఉంటుందో అట్లా. ఆ గ్లాండ్స్ నుంచే టెన్షన్‌లో వచ్చే ఇంకో హార్మోన్ కార్టిసాల్, అది అట్లా రోజుల తరబడి దిగకపోతే నిద్ర చెడుతుంది, చదివింది గుర్తుండదు, తలనొప్పి, నెలసరి డేట్ కూడా అటూ ఇటూ అవుతుంది. (మీ రూమ్మేట్‌కి రెండు నెలల్నుంచీ రాలేదని ఏడుస్తోందన్నావు కదా, వాళ్లమ్మతో చెప్పి డాక్టర్‌కి చూపించుకోమను, ఇందులో సిగ్గుపడేదేం లేదు.) కాబట్టి టెన్షన్ రాకూడదు రాకూడదు అనుకుంటూ కూర్చోకు, వచ్చింది దిగటానికి రోజూ కాస్త టైమ్ ఇవ్వు.

అన్నిటికంటే ముందు నిద్ర. మీ వయసులో 8 నుంచి 10 గంటలు పడుకోవాలంటారు డాక్టర్లు, పైగా టీనేజ్‌లో మెలటోనిన్, అదే నిద్ర తెప్పించే హార్మోన్, రాత్రి కాస్త లేటుగా వస్తుంది, అందుకే పదింటికి లైట్లు తీసేసినా నిద్ర పట్టదు, తెల్లారి అయిదింటికి స్టడీ అవర్ అంటే ప్రాణం పోయినట్టుంటుంది. అది బద్ధకం కాదు, ఆ టైమ్‌టేబుల్ పెట్టినవాళ్లు ఎండోక్రైన్ చాప్టర్ చదవలేదంతే. హాస్టల్ రూల్స్ నువ్వు మార్చలేవు గానీ, ఇచ్చిన ఆ ఆరేడు గంటలైనా ఎవ్వరికీ ఇవ్వకు. దుప్పట్లో టార్చ్ పెట్టి ఆర్గానిక్ కెమిస్ట్రీ చదవటం మానెయ్, పగలు చదివింది బుర్రలో కుదురుకునేది నిద్రలోనే. సాయంత్రం స్నాక్స్ తర్వాత టీ వద్దు, కెఫీన్ సగం తగ్గటానికే అయిదు గంటల దాకా పడుతుంది. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక ఇరవై నిమిషాలు తల వాల్చు, అంతకంటే ఎక్కువైతే లేచాక మత్తుగా ఉంటుంది.

పేపర్ చేతిలోకొచ్చినప్పుడు దడగా ఉంటే, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరేడు లెక్కపెడుతూ వదులు. ఊపిరి వదిలేటప్పుడు గుండె కాస్త నెమ్మదిస్తుంది, అందుకే వదిలేది పొడుగ్గా ఉండాలి. అయిదారుసార్లు చాలు. ఆ మోటివేషన్ క్లాసుల కంటే ఇదే నయం, ఆయనెవరో మైకులో అరిచి వెళ్లాక గుండె ఇంకాస్త కొట్టుకోవటం తప్ప ఒరిగేదేం లేదు.

ర్యాంకుల లిస్టు దగ్గర గుమిగూడి నీ పేరు పైనుంచి వెతుక్కోకు. నీ పేపర్ తీసుకో, నీట్ టెస్ట్‌లో 720కి ఎన్నొచ్చాయన్నది ఒకసారి చూసి పక్కన పెట్టు, తప్పులు మాత్రం విడదీసి రాసుకో, తెలిసీ తొందరలో పోయినవి ఒకవైపు, అసలు తెలియనివి ఒకవైపు, ఊహించి పెట్టి మైనస్ మార్కు తెచ్చుకున్నవి ఇంకోవైపు. మూడోది వచ్చేవారానికే తగ్గించుకోవచ్చు, దానికి కొత్తగా చదవాల్సింది కూడా లేదు. పక్క బెంచీ అమ్మాయికి ఎన్నొచ్చాయన్నది నువ్వు ఏం చేసినా మారదు కదా.

ఇంక ఇంట్లో సంగతి. మీ అమ్మ ఫోన్ ఎత్తగానే మార్కులెన్ని అంటుంది, మా అక్క సంగతి నాకు తెలీదూ. "అమ్మా, ముందు ఇవాళ ఏం వండావో చెప్పు, మార్కులు చివర్లో చెప్తా" అను. కోపంగా కాదు, మామూలుగా అను. ఫీజు కట్టాం కదా అని మీ నాన్న అంటే మాత్రం నువ్వేం మాట్లాడకు, బావగారితో నేను మాట్లాడతా. పబ్లిక్‌లో ఒక సబ్జెక్ట్ పోయినా కొద్ది వారాల్లోనే సప్లిమెంటరీ ఉంటుంది, నీట్‌లో ఈసారి రాకపోతే లాంగ్‌టర్మ్‌లో ఇంకో ఏడాది కోచింగ్ చదివి సీటు తెచ్చుకున్న పిల్లలు నా స్టూడెంట్లలోనే ఉన్నారు, డాక్టర్లయ్యారు కూడా. ఇవన్నీ ఆయనకి చెప్పాల్సింది నేను.

ఒక్కటి మాత్రం దాచొద్దు. రెండు వారాలపాటు అన్నం సయించక, నిద్ర పట్టక, ఇష్టమైన పని మీదకి కూడా మనసు పోక, ఊరికే ఏడుపొస్తూ ఉంటే అది ఉత్త పరీక్ష టెన్షన్ కాదు, చెప్పి తీరాలి. నేను లేకపోతే బాగుండు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగేది లేదు, అప్పటికప్పుడు పక్కనున్న వార్డెన్‌ని లేపు, అర్ధరాత్రైనా నాకు ఫోన్ చెయ్యి. 14416 నంబర్ నోట్‌బుక్ వెనకాల రాసి పెట్టుకో, అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో పెట్టింది, ఇరవైనాలుగు గంటలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం అడగరు. నీకు అవసరం రాకపోయినా మీ రూమ్‌లో ఎవరికైనా రావచ్చు, అందరికీ చెప్పి ఉంచు.

ఈ నెల ఔటింగ్ ఎప్పుడో వార్డెన్‌ని కనుక్కుని చెప్పు, నేనే వస్తా. పల్లీ పొడి, నిమ్మకాయ పచ్చడి తెస్తున్నా, ఇంకేమైనా కావాలంటే ముందే చెప్పు.

మీ పిన్ని