కౌలుకి దిగే ముందు ఒక సంతకం

అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి ఊళ్లో అయిదెకరాలు కౌలుకి చేస్తానంటున్నావని మీ అమ్మ చెప్పింది. వద్దనను. ముప్ఫై ఏళ్లు నేను చేసిందీ అదే. కాకపోతే మక్తా, అంటే చేనుకిచ్చే కౌలు, ఎన్ని బస్తాలని బేరమాడే ముందే ప్రభుత్వం కౌలుదారుడికిచ్చే కౌలు కార్డు సంగతి తేల్చుకో.

మన డెల్టాలో కౌలంటే నోటిమాటే కదా. సార్వాకి (వానాకాలం పంటకి) ఇన్ని బస్తాలు, దాళ్వాకి (రెండో పంటకి) ఇన్ని అని గట్టు మీద నిలబడి అనుకుంటాం, అయిపోతుంది. నేనూ అలాగే చేశాను. 2012లో నీలం తుఫానుకి కోతకొచ్చిన చేను నీళ్లలో నానిపోయింది. పెట్టుబడి నాది, అప్పు నాది. నష్టపరిహారం మాత్రం భూమి పాస్‌బుక్ ఉన్న ఆసామి ఖాతాలో పడింది. అడిగితే "మక్తాలో చూసుకుందాంలే" అన్నాడు. చూసుకోలేదు.

ఆంధ్రలో 2019లో వచ్చిన చట్టం ప్రకారం 11 నెలలకి ఒప్పందం రాసుకుని ఆసామి సంతకం పెడితే కార్డు ఇస్తారు. ఆయన భూమి హక్కుకి దాంతో ఏ ఇబ్బందీ లేదు. పంట రుణానికి వెళ్లినా, పరిహారం వచ్చినా నీ పేరు చెప్పుకోవడానికి ఆధారం అదే. ఎవరు ఏ పంట వేశారో ప్రభుత్వం రాసుకునే ఈ-క్రాప్‌లో కూడా నీ పేరే ఎక్కించుకో. ఆసాములకి మాత్రం 1956 నాటి కౌల్దారీ చట్టం భయం ఇంకా పోలేదు, చేను కౌలుదారుడికే ఉండిపోతుందేమోనని. వాళ్లనీ పూర్తిగా తప్పుపట్టలేం. అందుకే వాదనకి దిగకు, 11 నెలలని రాసున్న చోటు చూపించు. అయినా ఒప్పుకోకపోతే ఎంత మంచి చేనైనా వదిలెయ్.

కార్డు లేనివాడు అప్పుకి ధాన్యం కమీషన్ కొట్టుకే పోతాడు. అక్కడ నెలకి నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24. బ్యాంకులో 3 లక్షల లోపు పంట రుణం గడువులోగా కడితే పడే వడ్డీ 4 శాతమే. పైగా కొట్టువాడికే ధాన్యం తోలాలి. 2025-26కి మద్దతు ధర సాధారణ రకానికి క్వింటా 2,369, మన 75 కిలోల బస్తాకి 1,777 దాకా వస్తుంది. అప్పున్నవాడికి ఆ ధర అడిగే నోరెక్కడిది? ఆ ధరకి తేమ 17 శాతం లోపు ఉండాలని రోడ్డు మీద ధాన్యం ఆరబోసి రాత్రంతా కాపలా కాసే బాగోతం పంట నూర్చే మాసూళ్లప్పుడు చెప్తాను.

మొదటి ఏడు రెండున్నర ఎకరాలు చాలు. చెరువు పక్క చేను ఆసామిని నేను కదిపి చూశాను, మెత్తబడ్డాడు. ఆధార్ జిరాక్సులు తెచ్చుకో. ఆయనకి మధ్యాహ్నం నిద్ర చెడితే విసుగు, పొద్దున్నే వెళ్దాం.