ఖాతాదారా? ఖాతాదారులా?

సందేహం: ప్రోగ్రాములో క్లాసుకు (ఒకే రకం వస్తువులన్నిటికీ కలిపి రాసే నమూనాకు) పేరు పెట్టేటప్పుడు మాటలను కలిపేసి, ప్రతి మాటనూ ఇంగ్లిషు పెద్దక్షరంతో మొదలుపెట్టాలంటారు. పైథాన్‌లో తెలుగు లిపిలోనూ పేర్లు పెట్టవచ్చు గదా, మనకు పెద్దక్షరాలు లేవే, మాటల అతుకు ఎలా తెలుస్తుంది? పేరు ‘ఖాతాదారు’ అనాలా, ‘ఖాతాదారులు’ అనాలా?

సమాధానం: రెండోది ముందు తేల్చేద్దాం. ‘ఖాతాదారు’ అనండి. ‘ఆవు సాధుజంతువు’ అన్నప్పుడు ఆవుల జాతినంతా ఒక్క మాటలో చెబుతున్నాం. అది జాత్యేకవచనం. క్లాసు చెప్పేదీ జాతినే.

ఇక అతుకు సంగతి. ‘ఇక్కడ కొత్త మాట మొదలు’ అని చెప్పడమే పెద్దక్షరం పని. మన లిపి ఆ పని చేయదు గాని, మన మాట చేస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) ద్వంద్వసమాసానికి ఇచ్చిన ఉదాహరణలు చూడండి: కూరగాయలు, కాలుసేతులు, తల్లిదండ్రులు. కాయ గాయ అయింది, చేతులు సేతులయ్యాయి, తండ్రి దండ్రి అయ్యాడు. ‘దండ్రి’ విడిగా ఎక్కడా ఉండడు. కనిపించాడంటే ముందు మరో మాట ఉన్నట్టే. తత్పురుషలో చాలాచోట్ల మారేది మొదటి మాట. ఇల్లు ‘ఇంటి’, ఏరు ‘ఏటి’, నోరు ‘నోటి’ అవుతాయి. ‘ఏటి’ అని వినగానే చెవి తర్వాతి మాట కోసం ఎదురుచూస్తుంది. ఇంటిపేరు, ఏటిగట్టు, నోటిమాట: ఏ గుర్తూ పెట్టకుండానే అతుకు వినిపిస్తోంది. ఇంత చక్కని ఏర్పాటును గసడదవాదేశమనీ ఔపవిభక్తికమనీ పిల్లల చేత మార్కుల కోసం బట్టీ పట్టించి వదిలేస్తున్నాం!

క్లాసుల పేర్లు చాలావరకు తత్పురుషలే. అందులో ఉత్తరపదానిదే, అంటే రెండో మాటదే, పెద్దరికం. అందుకే ప్రతి పేరు చివరా ‘మేనేజర్’, ‘హెల్పర్’, ‘డేటా’ తగిలించే ఈనాటి అలవాటు నాకు మింగుడుపడదు. ప్రధానపదం కూర్చోవలసిన పీట మీద ఏ అర్థమూ లేని మాటను కూర్చోబెడుతున్నారు. ఏం నిర్వహిస్తుంది? ఎవరికి సాయం? ఆ జవాబే పేరు కావాలి.

క్లాసు చేసే పనులను మెథడ్లంటారు, వాటికి క్రియలు చాలు.

అయితే అన్ని మాటలూ మారవు. ‘రసీదు’, ‘ఖాతా’ ఎక్కడున్నా అలాగే ఉంటాయి. ‘రసీదుఖాతా’ దగ్గర కన్ను తడబడితే ‘రసీదు_ఖాతా’ అని కింది గీత పెట్టుకోండి. పైథాన్ మర్యాదలో ఆ గీత ఫంక్షన్లది, క్లాసులది కాదు. పెద్దక్షరమే లేని లిపికి ఆ నియమం బిగించడం న్యాయం కాదని నా అభిప్రాయం. మీ జట్టు ఒప్పుకోకపోతే పట్టుబట్టను. గో అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో టైపులకు (అక్కడ క్లాసుల చోట ఉండేవి) పేర్లు పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త: అక్కడ పెద్దక్షరంతో మొదలైన పేరే ప్యాకేజీ (ఒకచోట చేర్చిన ప్రోగ్రాము ఫైళ్ల కట్ట) బయటికి కనిపిస్తుంది, తెలుగు అక్షరంతో మొదలైనది లోపలే ఉండిపోతుంది. పైగా ‘ఖాతాదారు’లా గుణింతపు గుర్తులున్న పేర్లను గో అసలు ఒప్పుకోదు.